అమ్మగారి ఎస్‌సీసీ యాంటిజెన్ 3.2: ఎంత భయపడాలి?

అమ్మగారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 1బి1 దశ (ముఖద్వారం దాటని చిన్న గడ్డ), స్క్వామస్ రకం (పైపొర కణాల్లో మొదలైనది) అన్నారు. బయాప్సీలో పి16 పాజిటివ్, రక్తంలో ఎస్‌సీసీ యాంటిజెన్ (స్క్వామస్ క్యాన్సర్‌లో పెరిగే ఒక ప్రొటీన్) 3.2, రెండూ చెడ్డవేనా అని అడిగారు కదా.

పి16 గురించి టెన్షన్ వద్దు. క్యాన్సర్ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చిందని చెప్పే గుర్తు అది. ఈ క్యాన్సర్లలో ఎక్కువ భాగం అలాంటివే.

ఎస్‌సీసీని మాత్రం పట్టించుకోవాలి. చాలా ల్యాబుల్లో హద్దు మిల్లీలీటరుకు 1.5 లేదా 2 నానోగ్రాములు. చికిత్సకు ముందే ఎక్కువగా ఉంటే గడ్డ పెద్దదై ఉండటానికో, లింఫు గ్రంథులకు పాకి ఉండటానికో అవకాశం పెరుగుతుంది. అవకాశమే, రుజువు కాదు. దశను నిర్ణయించేది ఈ అంకె కాదు. సోరియాసిస్, కిడ్నీ జబ్బు ఉన్నా పెరుగుతుంది, శాంపిల్‌లో కాస్త ఉమ్మి కలిసినా పెరుగుతుంది (వింతగా ఉన్నా నిజమే!).

అందుకని డాక్టరుగారిని ముందుగా స్కాన్‌లో గ్రంథులు ఎలా ఉన్నాయో అడగండి. ఆపరేషన్ అయితే, తర్వాత రేడియేషన్ కావాలా అన్నది పాథాలజీ రిపోర్టు తేలుస్తుంది: గ్రంథులు, కోత అంచులు, గడ్డ సైజు, లోతు, సన్నని నాళాల్లోకి చేరిందా లేదా అన్నవి. చికిత్స అయ్యాక ఎస్‌సీసీ మళ్లీ అదే ల్యాబులో చేయించండి. తగ్గి, మళ్లీ పెరుగుతూ పోతే వెంటనే చూపించండి.