చిన్న పెరట్లో పూల చెర్రీ: ఏ రకం, ఎక్కడ, ఎలా?

పెరడు చిన్నది, అందులో ఒక మూల వాన నీరు నిలుస్తుంది, ఫొటోల్లో చూసినట్టు ముద్దగా గులాబీ పూలు పూసే చెర్రీ కావాలి, ఏ రకం తీసుకోవాలి, ఎలా పెంచాలి అని అడిగారు. నేను పదకొండేళ్లలో మూడు చెర్రీలు నాటాను. మొదటిది మూడేళ్లకే చచ్చిపోయింది. రెండోది సగం చేజారాక దక్కింది. మూడోది ఇప్పుడు మా పై గది కిటికీ దాకా పూస్తోంది. నాకు తెలిసిందంతా వీటి దగ్గర నేర్చుకున్నదే.

ముందు చలి సంగతి. చెర్రీ వేసవిలోనే వచ్చే ఏటికి పూమొగ్గలు కట్టుకుంటుంది. తర్వాత ఆకు రాల్చి నిద్రపోతుంది. సుమారు 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితేనే ఆ మొగ్గలకు మెలకువ వస్తుంది. అంత చలి లేని చోట చెట్టు బతికినా పూత సరిగ్గా రాదు. మీ చలికాలం తేలికగా ఉంటే జపాన్ ముద్ద రకాల జోలికి వెళ్లకండి. తైవాన్ చెర్రీ, ఆయుర్వేదంలో పద్మకం అని పిలిచే హిమాలయ అడవి చెర్రీ తక్కువ చలితో సరిపెట్టుకుంటాయి. ఏడాదంతా వేడిగా ఉండే చోటైతే డబ్బు ఖర్చు పెట్టకండి, నిజంగా చెప్తున్నాను.

ఇంకొకటి, ఆన్‌లైన్‌లో దొరికే "సాకురా విత్తనాలు" (సాకురా అంటే జపనీస్‌లో పూల చెర్రీ) కొనకండి. పేరున్న రకాలన్నీ అంటు కట్టో, కొమ్మ నాటో పెంచినవే. జపాన్‌లో ఎక్కువగా కనిపించే సోమెయి యోషినో చెట్లన్నీ అలా ఒకదాని నుంచి ఒకటి అంటు కడుతూ వచ్చినవే. ఇక బాగా ముద్దగా పూసే కాన్జాన్ లాంటి రకాల్లో కేసరాలు రేకలుగా మారిపోతాయి కాబట్టి విత్తనం పట్టడమే అరుదు.

ఇప్పుడు రకం. మీరు చూసిన ఫొటో చాలావరకు కాన్జాన్‌దే అయి ఉంటుంది. ఒక్కో పువ్వుకు ఇరవై దాటి రేకలు, ముదురు గులాబీ రంగు, దాంతోపాటే రాగి రంగు చిగురు. నేను మొదట నాటింది అదే. అయితే అది 8 నుంచి 10 మీటర్లు ఎదుగుతుంది, దాదాపు అంతే వెడల్పుకు విచ్చుకుంటుంది. నర్సరీలో కుండీలో సన్నగా, నిటారుగా నిలబడి ఉంటే ఈ సంగతి అస్సలు తట్టదు. పైగా దాని వేళ్లు నేల పైపైనే పాకి, పరిచిన పలకలను లేపేస్తాయి. గోడకు 5 మీటర్లయినా దూరం ఇవ్వలేకపోతే వదిలేయండి.

మీ పెరటికి నా సలహా అమనోగవ. ఆ పేరుకు జపనీస్‌లో మన ఆకాశగంగ అనే అర్థం. కొమ్మలన్నీ పైకే లేస్తాయి, చెట్టు స్తంభంలా ఉంటుంది. చాలా ఏళ్లదాకా రెండు మూడు మీటర్ల వెడల్పు దాటదు, ముదిరాక మాత్రం కాస్త విచ్చుకుంటుంది. పూలు కాన్జాన్ అంత ముద్దగా ఉండవు, లేత గులాబీలో అర ముద్దగా ఉంటాయి, దగ్గరికెళ్తే సన్నటి వాసన వస్తుంది. నేలే లేదు, కుండీయే గతి అనుకుంటే కోజో-నో-మై చూడండి. వంకర టింకర రెమ్మలతో మనిషి ఎత్తు పొదలా ఉంటుంది, ఒంటిరేక పూలు. ఉకోన్ అని ఇంకో రకం ఉంది, ఆ పేరుకు అర్థం పసుపు. పూలు లేత పసుపులో ఆకుపచ్చ కలిసినట్టుంటాయి. నాకు చాలా ఇష్టం, కానీ అదీ పెద్ద చెట్టే.

నీరు నిలిచే మూల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా కాన్జాన్ పోయింది దానివల్లే. రెండు వసంతాలు బాగా పూసింది. మూడో ఏడు మొగ్గలు విచ్చాయి, ఆకులు మాత్రం వేలెడు కూడా ఎదగకుండా పసుపెక్కాయి. నీళ్లు చాలడం లేదేమోనని ఇంకా పోశాను. వేసవి చివర ఎండిపోయాక తవ్వి చూస్తే పుల్లటి కుళ్లు వాసన. వేళ్లు నల్లబడ్డాయి, కాండం మట్టిలో ఉన్న భాగంలో బెరడు గోటితో గీకితే తడి కాగితంలా ఊడొచ్చింది. అప్పుడు తెలిసింది, నేను రెండు తప్పులు చేశానని. ఒకటి బంకమట్టి మూలలో నాటడం, రెండోది బెత్తెడు లోతు ఎక్కువగా నాటడం. మొక్క గట్టిగా నిలవాలని కాండం చుట్టూ మట్టి ఎగదోశాను. చెర్రీ వేరుకు గాలి ఆడకపోతే అంతే.

అందుకే కొనడానికి ముందే చోటు పరీక్షించండి. అడుగున్నర లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. మర్నాటికీ నీరు కనిపిస్తే అక్కడ నాటొద్దు, కనీసం రోజుకు ఆరు గంటలు ఎండ తగిలే మరో చోటు చూడండి. ఇదివరకు చెర్రీ చచ్చిపోయిన చోట మళ్లీ చెర్రీ పెట్టినా తిప్పుకోవడం కష్టం.

నాటేటప్పుడు గుంత వెడల్పు వేరుముద్దకు రెండు మూడు రెట్లు ఉండాలి, లోతు మాత్రం వేరుముద్దంతే. కాండం అడుగున వేళ్లు విచ్చుకునే చోటు నేల మట్టానికి కనబడాలి, అంటు కట్టిన ముడి మట్టిలో మునగకూడదు. చెక్కపొట్టు రెండు మూడు అంగుళాల మందం పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. ఊతకర్ర పొట్టిది చాలు, ఏడాది, ఏడాదిన్నరలో తీసేయండి. మొదటి రెండు వేసవుల్లో వారానికి ఒకటి రెండుసార్లు పాదు నిండా పోయాలి, రోజూ చిలకరిస్తే లాభం లేదు. కాండం చుట్టూ గడ్డి లేకుండా ఉంచండి. గడ్డి కోసే మెషిన్ తగిలి బెరడు చీలితే చెర్రీకి ఆ గాయం మానడం చాలా ఆలస్యం.

మొక్క కొనేటప్పుడు సిగ్గుపడకుండా కుండీలోంచి తీయించి వేళ్లు చూడండి. 1910లో టోక్యో నుంచి వాషింగ్టన్‌కు కానుకగా వచ్చిన 2,000 చెర్రీ మొక్కలకు పురుగులు, నులిపురుగులు పట్టాయని తేలి, అన్నింటినీ కాల్చేయాల్సి వచ్చింది. 1912లో మళ్లీ 3,020 మొక్కలు పంపారు. ఇప్పుడక్కడ జనం చూడ్డానికి వెళ్లే చెర్రీ తోటకు మొదలు ఆ రెండో విడతే.

నా రెండో చెట్టు కొమ్మలు కిందికి వేలాడే రకం, కికు-షిదారె. దీన్ని తరచుగా నిటారు కాండం పైన, తల దగ్గర అంటు కడతారు. మూడో ఏడు ఆ ముడి కింద నుంచి ఒక రెమ్మ బాణంలా పైకి లేచింది. చెట్టు ఏపుగా పెరుగుతోందని సంతోషించి వదిలేశాను. రెండేళ్లకు గులాబీ ముద్ద పూల మధ్యలో తెల్లటి ఒంటిరేక పూలు! అది అడుగు మొక్క పూత, అంటే అంటు కట్టడానికి కింద వాడిన అడవి చెర్రీది. దాని బలానికి వేలాడే కొమ్మలు సగం ఎండిపోయాయి. కాబట్టి అంటు ముడి కింద గాని, వేరు నుంచి గాని పిలక వస్తే పెన్సిల్ మందం కూడా కానివ్వకుండా మొదలంటా తీసేయండి.

కత్తిరింపు వేసవి నడిమధ్య, వాన లేని పొడి రోజున. చలికాలంలో కోస్తే గాయంలోంచి వెండి ఆకు తెగులు బూజు దూరుతుంది, పైగా పూమొగ్గలూ పోతాయి. అసలు ఎంత తక్కువ కోస్తే అంత మంచిది. కాండం మీద తేనె రంగు బంక కారిందని టెన్షన్ పడొద్దు, దెబ్బ తగిలినా అది వస్తుంది. బంక చుట్టూ బెరడు లోపలికి కుంగి, పైకొమ్మ ఎండుతుంటేనే తెగులని అనుమానించండి. చిగుళ్లు ముడుచుకుంటే నల్ల పేనుబంక ఉందేమో చూసి, పైపు నీటితో గట్టిగా కొట్టండి. అక్షింతల పురుగులు వచ్చి మిగతావి తినేస్తాయి, నేను మందు కొట్టలేదు.

ఒక చిన్న విషయం. ఆకు తొడిమ ఆకును కలిసే చోట రెండు ఎర్రటి బుడిపెలు కనిపిస్తాయి. రోగం కాదు, గిల్లకండి. అవి తేనె గ్రంథులు, చీమలు వాటికోసమే ఎక్కుతాయి. మీకు మేకలో గొర్రెలో ఉంటే మాత్రం కోసిన రెమ్మలు అందనివ్వకండి, వాడిన చెర్రీ ఆకు వాటికి విషం.

పూత ఉండేది ఒక వారం, మహా అయితే రెండు. గాలివాన వస్తే మూడు రోజులే. మా అమనోగవ నాటిన ఏడాది పది పన్నెండు గుత్తులే వేసింది, నాలుగో ఏటికి పూల వెనక కొమ్మే కనబడలేదు. ఆకు రాలాక, నేల గడ్డకట్టక ముందు నాటితే మొక్క తేలిగ్గా నిలదొక్కుకుంటుంది. అందాకా ఆ గుంత పరీక్ష కానివ్వండి. నీరు ఎంతసేపట్లో ఇంకిందో, ఎండ ఏ వైపు నుంచి వస్తుందో చెప్తే చోటు కూడా కలిసి ఆలోచిద్దాం.