మాంత్రికుల మాటలు లెక్కపెట్టే చదువు కూడు పెడుతుందా?

ప్రశ్న: మేం చెన్నై కొళత్తూరులో ఉంటాం. మావారిది ప్యారిస్ కార్నర్‌లో నోటుపుస్తకాల హోల్‌సేల్ వ్యాపారం. మా అమ్మాయి బి.ఏ. ఇంగ్లీషు రెండో సంవత్సరం. రాజులు, మంత్రగాళ్లు, డ్రాగన్లు ఉండే ఫాంటసీ నవలలు తప్ప ఇంకేమీ చదవదు. చదివి ఊరుకోదు, ఏ పాత్ర ఏ మాట ఎన్నిసార్లు వాడిందో నోటుబుక్కులో లెక్కలు రాస్తుంది. రాతలోని శైలిని ఇలా పరిశీలించే చదువుని స్టైలిస్టిక్స్ అంటారట, లింగ్విస్టిక్స్‌లో, అంటే భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేసి ఇదే చదువుతానంటోంది. డిగ్రీ అవగానే బి.ఇడి. చేయించాలని వాళ్ల నాన్న పట్టుదల. అసలు ఇలాంటి చదువు ఉందా? ఉంటే కూడు పెడుతుందా?

జవాబు: ఉందమ్మా, నిక్షేపంలా ఉంది. రెండో ప్రశ్నకి మాత్రం ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను.

కథల పిచ్చి ఉన్న పిల్లలు నా దగ్గరికి చాలామందే వస్తారు. కథ అయిపోయాక పెన్ను పట్టుకుని కూర్చునేవాళ్లు అరుదు. మీ అమ్మాయి ఆ రెండో రకం. ఆ లెక్కలు కాలక్షేపమని మీరు అనుకుంటున్నట్టున్నారు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చేసిందీ అదే పని.

మైకేల్ హాలిడే అనే భాషాశాస్త్రవేత్త 1971లో విలియం గోల్డింగ్ నవల ఒకదాని మీద వ్యాసం రాశాడు. ఆ నవలలో కథ చాలావరకు ఒక ఆదిమానవుడి కళ్లతో నడుస్తుంది. అవతలి ఒడ్డు నుంచి ఎవరో అతని మీదకి బాణం వేస్తారు. బాణమంటే ఏమిటో అతనికి తెలీదు. ఒక కర్ర రెండు వైపులా పొట్టిదై, మళ్లీ చటుక్కున పొడుగైనట్టు మాత్రం కనిపిస్తుంది. ఈ వింత ఎలా పుట్టిందో చూద్దామని హాలిడే వాక్యాల్ని విప్పాడు. ఆ భాగంలో మనుషులు కదులుతారు, చూస్తారు, వింటారు. ఫలానావాడు ఫలానా వస్తువుని ఏదో చేశాడనే వాక్యాలు మాత్రం చాలా తక్కువ. సకర్మక క్రియలకి కరువన్నమాట. కారణాన్నీ ఫలితాన్నీ కలపలేని బుర్రని రచయిత వ్యాకరణంతోనే కట్టాడు. మీ అమ్మాయిని తెలుగులో ఓసారి ప్రయత్నించమనండి. ‘రాజు కత్తి దూశాడు’ అని రాస్తే ఒక రాజు కనిపిస్తాడు. ‘రాజు చేతిలోకి కత్తి వచ్చింది’ అని రాస్తే ఇంకో రాజు. అధ్యాయమంతా ఇలాగే నడిపితే ఆ రెండో రాజుకి తన చేతుల మీద తనకే అదుపు లేదని, ఎవరూ చెప్పకుండానే పాఠకుడికి తెలిసిపోతుంది.

ఫాంటసీ అంటే పిల్లల కథలని మీవారు తీసిపారేస్తే టోల్కీన్ సంగతి చెప్పండి. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో భాషల ప్రొఫెసర్. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక కొన్నాళ్లు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తయారీలో పనిచేశాడు. 1954–55లో వచ్చిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చివర భాషల గురించి ఒక అనుబంధం రాశాడు. ఆ కథలో హాబిట్లనే పొట్టి మనుషుల వాడుకలో మన ‘మీరు’ లాంటి మర్యాద రూపం పోయిందట. అందుకని పిప్పిన్ అనే హాబిట్ కుర్రాడు మినాస్ తిరిత్ నగరానికి వెళ్లిన కొత్తలో, ఆ ఏలిక డెనెథోర్‌తో సహా అందరితోనూ నువ్వు, నువ్వు అనే మాట్లాడాడు. పరివారం బిత్తరపోయి ఉంటుంది. ఇతను వాళ్ల దేశంలో చాలా పెద్ద హోదా ఉన్నవాడని ఊళ్లో పుకారు పుట్టడానికి ఇదీ ఒక కారణమంటాడు టోల్కీన్. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే కాబట్టి ఈ తమాషా కథలో కనపడదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లకి అది చప్పున అందుతుంది. మీకిది మామూలు సంగతి. ఈ చదువులో మాత్రం పెద్ద పెట్టుబడి.

పాత్రని పట్టించేవి పెద్ద మాటలే కానక్కర్లేదు. జొనాథన్ కల్‌పెపర్ అనే భాషాశాస్త్రవేత్త షేక్‌స్పియర్ నాటకంలోని రోమియో, జూలియెట్ల మాటల్ని కంప్యూటర్‌తో పోల్చి చూస్తే, రోమియో వైపు అందం, ప్రేమ, కళ్లు తేలాయి. జూలియెట్ వైపు అన్నిటికంటే పైన తేలింది ‘ఇఫ్’, అంటే ‘ఒకవేళ’. ఆ అమ్మాయి టెన్షనంతా ఆ రెండక్షరాల్లో ఉంది.

ఇక ఉద్యోగం. ‘స్టైలిస్టిక్స్ వచ్చినవారు కావలెను’ అని ప్రకటన మీకు ఎక్కడా కనపడదు. కొత్త భాషలు కట్టే పని ఉంటుంది కానీ అది ఏ ఒక్కరికో దొరుకుతుంది. ‘బాహుబలి’లో కాలకేయుల కిలికి భాష తయారుచేసిన మదన్ కార్కి మీ చెన్నై ఆయనే, అయితే దాన్ని నమ్ముకుని ఫీజులు కట్టకండి. నిలకడగా ఉండేవి రెండు దారులు: కాలేజీలో పాఠాలు చెప్పడం, కంప్యూటర్లకి మన భాషలు నేర్పే పని. రెండోది ఎలాంటిదో ఇంట్లోనే చూడొచ్చు. ఆంట్‌కాంక్ అని మాటలు లెక్కపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఒక తెలుగు జానపద నవల వేస్తే రాజు, రాజుకి, రాజుతో, రాజుగారు అన్నీ వేర్వేరు మాటలుగా లెక్కకొస్తాయి. వీటిని ఒక గూటికి చేర్చడం తెలిసిన మనుషులు ఆ రంగానికి కావాలి. ఐఐటీ మద్రాస్‌లో ఏఐ4భారత్ బృందం మన భాషల మీదే పనిచేస్తోంది. అలాంటి చోట అడుగుపెట్టాలంటే భాషాశాస్త్రంతో పాటు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా రావాలి. ఇది ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి, తర్వాత చూద్దాంలే అంటే కుదరదు.

ఎం.ఏ. మాత్రం లింగ్విస్టిక్స్‌లోనే చేయనివ్వండి. ఇంగ్లీషు ఎం.ఏ.లో స్టైలిస్టిక్స్ ఉంటే ఒక పేపరు ఉంటుంది, అంతే. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ), సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశపరీక్ష రాయాలి. దూరం పంపలేమంటే ఎగ్మోర్‌లో రైలెక్కితే చిదంబరం, అక్కడ అన్నామలై యూనివర్సిటీలో లింగ్విస్టిక్స్ శాఖ పేరున్నది. అప్పు చేసి విదేశాలకి పంపే ఆలోచన ఉంటే ఇప్పుడు వద్దు. పీహెచ్‌డీకి స్కాలర్‌షిప్ వస్తే అప్పుడు వెళ్లొచ్చు. కాలేజీ లెక్చరర్ అర్హతకి రాసే యూజీసీ నెట్ పరీక్షలో లింగ్విస్టిక్స్ విడిగా ఒక సబ్జెక్టు. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు ఇస్తున్నారు. మీవారికి ఈ అంకె వినిపించండి.

నిర్ణయానికి ముందు ఈ వేసవి సెలవుల్లో ఒక పని పెట్టండి. ఇష్టమైన నవలలో రెండు పాత్రల సంభాషణలు విడిగా ఎత్తి రాసి, లెక్కలు తీసి, ఆ లెక్కలు చెప్పేదేమిటో పది పేజీలు రాయాలి. తనకి నచ్చిన అభిప్రాయం లెక్కల్లో నిలబడకపోతే దాన్ని వదులుకోగలుగుతుందా అన్నదే మీరు చూడాల్సింది. మూడో వారానికి విసుగొచ్చి మళ్లీ కొత్త నవల అందుకుంటే బి.ఇడి. మాట ఎత్తండి, తప్పులేదు. పూర్తిచేస్తే ఆ పది పేజీలు వాళ్ల కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌కి చూపించి, ఎం.ఏ. దరఖాస్తుల తేదీలు కనుక్కోండి. బి.ఇడి. ఎక్కడికీ పోదు, ఎం.ఏ. అయ్యాక కూడా చేయొచ్చు.