వరద తీశాక ఒడ్డు ఎందుకు కూలుతుంది?

ప్రశ్న: మాది కోనసీమలో లంక ఊరండి. ఏటా మా వైపు ఒడ్డు కొబ్బరిచెట్లతో సహా గోదాట్లో కలిసిపోతోంది, ఎదురొడ్డున మాత్రం ఇసుక మేట పెరుగుతోంది. మా మట్టే అటు పోతోందా? పైగా వరద ఉన్నప్పటికంటే తీశాకే ఎక్కువ కూలుతోంది, ఎందుకని?
– ఓ పాఠకుడు, పి.గన్నవరం మండలం

జవాబు: మీరు ఏటి వంపులో బయటి వైపున్నారన్నమాట. వంపు తిరిగేటప్పుడు పైనున్న నీళ్ళు స్పీడుగా ఉంటాయి కాబట్టి బయటి ఒడ్డుకేసి తోసుకొస్తాయి, అడుగు నీళ్ళు నేలకి రాసుకుని స్లో అయిపోయి లోపలి ఒడ్డు వైపు తిరుగుతాయి, ఇసుకేమో అడుగునే దొర్లుతూ గెంతుతూ పోతుంది కదా, ఆ నీళ్ళతోపాటే లోపలి వైపుకి చేరి మేటేస్తుంది. ఐన్‌స్టీన్ 1926లో దీన్నే టీకప్పుతో చెప్పాడు, స్పూన్‌తో తిప్పితే టీ ఆకు కప్పు అంచులకి పోకుండా మధ్యలో అడుగున కుప్పపడుతుంది చూడండి, అదే సంగతి. వాళ్ళబ్బాయి హాన్స్ ఆల్బర్ట్ అయితే అమెరికాలో ప్రొఫెసరై, నదుల అడుగున ఇసుక ఎంత కదులుతుందో లెక్కగట్టడమే పనిగా పెట్టుకున్నాడు.

ఎదురొడ్డు వాళ్ళ మీద మాత్రం కోపం పెట్టుకోకండి, మీ ఇసుక అటు పోయింది చాలా తక్కువే. ఎక్కువ భాగం కిందికెళ్ళి, తర్వాతి వంపులో మీ వైపు ఒడ్డునే ఆగుతుంది. ఎదురుగా పడే మేట చాలావరకు ఎగువ వంపులో కోసుకొచ్చిన సరుకు. మెత్తటి ఒండ్రు లెక్క వేరు, అది అడుగుకి దిగకుండా ఎర్రనీళ్ళలో తేలుతూ సముద్రం దాకా పోతుంది, లేదా వరద నీళ్ళు పొలంలో నిలబడితే అక్కడ పరుచుకుంటుంది. లంకల్లో పంట అలా పండటానికి కారణం అదే.

ఇక వరద తీశాక కూలడం. లంక ఒడ్డుని నిలువునా కోసిన చోట చూస్తే పైన ఒండ్రు, కింద ఇసుక పొర కనిపిస్తాయి. వరదలో కింది ఇసుక కొట్టుకుపోయి పైమట్టి గాల్లో వేలాడుతుంది, అయినా ఏరు నిండుగా ఉన్నంతసేపు ఆ నీళ్ళే ఒడ్డుని ఆనుకుని ఆపుతాయి, ఒక్కసారి మట్టం దిగిపోతే ఆ ఆసరా పోతుంది, మట్టేమో నీళ్ళు తాగి బరువెక్కి ఉంటుంది, దాంతో పెళ్ళలు పెళ్ళలుగా పడిపోతుంది. అందుకే రాళ్ళు పేర్చేది పైన కనిపించే గట్టుకే అయితే డబ్బులు దండగ, ఒడ్డు పాదం దగ్గర, నీళ్ళ కింద వెయ్యాలి. గ్రోయిన్లు (ఒడ్డు నుంచి ఏట్లోకి అడ్డంగా కట్టే గట్లు) పనిచేస్తాయిగానీ డిజైన్ చూసుకోకుండా కడితే ఏటి ప్రవాహాన్ని ఎదురూరి మీదకి తోస్తాయి, అప్పుడు నిజంగానే గొడవ.

ప్రశ్న: ఇసుక ఎంత తవ్వినా మళ్ళీ వరదకి వచ్చేస్తుందంటారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: కొంత వస్తుందండి, కానీ తవ్వినంతా వస్తుందని గ్యారంటీ లేదు. పైన ఆనకట్టలు కట్టాక చాలా సరుకు అక్కడే ఆగిపోతోంది, కృష్ణ మీద శ్రీశైలమే చూడండి, 308 టీఎంసీల కెపాసిటీ పూడికతో 215కి పడిపోయింది. ఇంకోటి, ఏట్లో పెద్ద గొయ్యి తవ్వితే వరదకి అది పూడేలోపే దాని ఎగువ అంచు కోసుకుంటూ పైకి పాకుతుంది, దారిలో బ్రిడ్జి పిల్లర్ తగిలితే దాని పునాది చుట్టూ ఇసుక లేచిపోతుంది, బ్రిడ్జిల దగ్గర్లో తవ్వొద్దని రూల్ పెట్టింది ఇందుకే.