అమ్మానాన్నలతో మౌంట్ రేనియర్: ఎక్కడిదాకా నడవాలి?

ప్రశ్న: మేము సియాటిల్ దగ్గర బాతెల్‌లో ఉంటాం. రాజమండ్రి నుంచి అమ్మానాన్నలు వచ్చారు. ఆగస్టు 20న వాళ్ల తిరుగు ప్రయాణం. అమ్మకు 63 ఏళ్లు, కాస్త మోకాళ్ల నొప్పి ఉంది. అయినా రెండేళ్ల కిందట అలిపిరి నుంచి తిరుమల నడిచి ఎక్కింది. నాన్న బీపీకి మాత్రలు వేసుకుంటారు. మా అబ్బాయి ఈ నెలలో నాలుగో తరగతి పూర్తి చేస్తున్నాడు. ఒక్క రోజులో మంచుకొండ మౌంట్ రేనియర్, దాని చుట్టూ ఉన్న నేషనల్ పార్కు చూపించి తీసుకురావాలని మా ఆశ. స్నేహితులు అక్కడి స్కైలైన్ ట్రెయిల్ అనే నడక దారి బాగుంటుందంటున్నారు. జూన్ ఆఖరి శనివారం వెళ్దామనుకుంటున్నాం. సరేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అనుకున్న తేదీ సరికాదు, దారీ సరికాదు. రెండూ మార్చుకోండి.

ముందు తేదీ సంగతి. స్కైలైన్ దారి మొదలయ్యే చోటు పేరు ప్యారడైజ్, అది 5,400 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ శీతకాలపు మంచు జూన్ నెలాఖరుకు కూడా కరగదు. దారులు చాలావరకు దాని కిందే ఉంటాయి. పిల్లవాడికి అది పండగే గాని, మీ అమ్మగారికి ప్రతి అడుగూ జారుడే. జులై ఆఖరి వారం నుంచి ఆగస్టు మధ్య వరకు మాత్రం ఆ వాలు పచ్చికంతా పూలే. నీలి లూపిన్లు, ఎర్రటి పెయింట్‌బ్రష్‌లు, తెల్లటి బిస్టార్ట్ గుత్తులు. మీ చేతిలో ఆగస్టు 20 దాకా సమయం ఉంది కదా, ఆగస్టు మొదటి వారంలో సెలవు పెట్టి మంగళవారమో బుధవారమో వెళ్లండి. వేసవి శనివారాల్లో పొద్దెక్కితే పార్కులోకి వెళ్లే నిస్క్వాలీ గేటు దగ్గర కార్ల బారు, పైన పార్కింగ్ వెతుకులాట. మీ నాన్నగారి బీపీకి కొండ ఎత్తుకంటే అదే ఎక్కువ పరీక్ష. నిజానికి మన ఊటీ ప్యారడైజ్‌కంటే ఎత్తు. అయినా డాక్టర్‌ను ఒక మాట అడిగి బయల్దేరండి.

ఇక అలిపిరి. 3,550 మెట్లెక్కిన మనిషికి ఇదెంత అని మీరు అనుకున్నట్టున్నారు. ఇంటికి ఎవరు చుట్టాలొచ్చినా టకోమాలో ఉన్న నాకు వినిపించే మాట ఇదే. తిరుమలకు ఎక్కాక దర్శనం చేసుకుని బస్సులో దిగుతాం. ఇక్కడ ఎంత ఎక్కితే అంతా మన కాళ్లతోనే దిగాలి. అరిగిన మోకాలు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు లెక్క తీస్తుంది. స్కైలైన్ మొత్తం చుట్టి రావాలంటే 5.5 మైళ్లు, అందులో 1,400 అడుగులకు పైగా ఎక్కుడు. మీ స్నేహితులు ముప్పయ్యేళ్లవాళ్లయి ఉంటారు.

నేను చెప్పే దారి మర్టిల్ ఫాల్స్. ప్యారడైజ్ సత్రం పక్క నుంచి మొదలవుతుంది. పోను రాను కలిపి 0.8 మైలు, ఎక్కేది 100 అడుగులు, దారి పొడుగునా తారు పరిచి ఉంటుంది. చివర ఒక చిన్న వంతెన, దాని కింద లోయలోకి దూకే జలపాతం, ఆ వెనుక 14,410 అడుగుల రేనియర్. ఫోటోలన్నీ అక్కడ తీసుకోండి. నలుగురిలో ఎవరి నడక మెల్లగా ఉంటే వాళ్లనే ముందు నడవనివ్వండి. వంతెన దాటాక దారి ఇంకా పైకి రమ్మంటుంది. అక్కడే వెనక్కి తిరుగుతామని ఇంట్లో ఉన్నప్పుడే అందరితో ఒప్పించుకోండి, ముఖ్యంగా మీ అమ్మగారితో. "ఇంకొంచెం" అనేది ఆవిడేనని నా అనుమానం.

దిగివచ్చి సందర్శకుల కేంద్రంలో గంటసేపు కూర్చోండి. బాత్‌రూములు, బల్లలు, పైకప్పు అన్నీ అక్కడే. పులిహోర డబ్బా తీయడానికి అదే తగిన చోటు. ఉడతల్లాంటి చిప్‌మంక్‌లు, ఒక్కోసారి నక్కలు కూడా మనుషుల తిండికి అలవాటుపడి దగ్గరికొస్తాయి. ఒక్క మెతుకు వేయకూడదు, అది నిబంధన. తిన్నాక ఇంకా ఓపిక ఉంటే కింది పార్కింగ్ నుంచి నిస్క్వాలీ విస్టా అని 1.2 మైళ్ల చుట్టుదారి ఉంది. నిస్క్వాలీ హిమానీనదం అక్కడి నుంచి బాగా కనబడుతుంది. ఎక్కుడూ దిగుడూ ఉన్నాయి కాబట్టి మోకాళ్లు ఊఁ అంటేనే. లేకపోతే మీరూ అబ్బాయీ వెళ్లి రండి, పెద్దవాళ్లకు సత్రం హాల్లో కాఫీ ఇప్పించండి. 1916 నాటి ఆ దూలాల కట్టడం చూస్తూ కూర్చోవడం కూడా షికారే.

పూల మధ్యకు అడుగు పెట్టి ఫోటో దిగడం మనవాళ్లకు సరదా. ఈ విషయంలో నేను కఠినంగానే ఉంటాను. ఏడాదిలో కొద్ది వారాలే మంచు లేకుండా దొరికే మొక్కలవి. తొక్కిన చోట మళ్లీ పచ్చిక లేవడానికి ఏళ్లు పడుతుంది.

ఆగస్టులో కూడా పగటి వేడి 17, 18 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. రాజమండ్రి వాళ్లకు స్వెట్టరు, దానిమీద గాలి ఆపే కోటు తప్పవు. చెప్పులు వద్దు, బూట్లే. చీర మీద బూట్లా అని మీ అమ్మగారు మొహమాటపడితే, ఆ వంతెన మీద నాలాంటివాళ్లు చాలామంది కనబడతారని చెప్పండి. దోమల మందు మరవకండి.

ఉదయం ఐదున్నరకల్లా బయల్దేరండి. పార్కు లోపల పెట్రోలు దొరకదు, ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. ఇంట్లో కాఫీ తాగుతూనే పార్కు వెబ్‌సైట్‌లో ప్యారడైజ్ కెమెరా చూడండి. కొండ మబ్బులో మునిగి ఉంటే, వీలైతే మర్నాటికి మార్చుకోండి. వీలుకాకపోతే ప్యారడైజ్‌కు వెళ్లే దారిలో కిందుండే లాంగ్‌మైర్ దగ్గరే ఆగి, ఊట బుగ్గల పక్కన అడవిలో 0.7 మైలు ఉండే ట్రెయిల్ ఆఫ్ ది షాడోస్ నడవండి. మబ్బు రోజున అదే అందం. ముందస్తు ప్రవేశ బుకింగ్ నిబంధనలు ఏడాదికోసారి మారుతున్నాయి, అవి కూడా అక్కడే చూసుకోండి.

పార్కు ప్రవేశానికి కారుకు 30 డాలర్లు, కార్డు మాత్రమే తీసుకుంటారు. మీ అమ్మగారికి 62 దాటినా సీనియర్ పాసు రాదు. అది అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే. కానీ మీవాడు నాలుగో తరగతి! ఆ తరగతి పిల్లలకు ఉచిత పాసు ఉంది, ఆగస్టు 31 దాకా చెల్లుతుంది, మీ కారు మొత్తానికీ సరిపోతుంది. వెబ్‌సైట్‌లో ముందే తీసుకుని వెళ్లండి.

ప్రశ్న: మా కుక్కను రేనియర్ ట్రెయిల్ మీదికి తీసుకెళ్లవచ్చా? డ్రోన్ ఎగరేయవచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: ప్యారడైజ్ దారుల్లో కుక్కలకు ప్రవేశం లేదు. పార్కింగ్‌లోనూ, కార్లు తిరిగే రోడ్ల మీదా మాత్రం గొలుసుతో తిప్పవచ్చు. అలాగని కారులో వదిలి మీరు షికారుకు వెళ్లకండి, ఇంట్లోనే ఎవరికైనా అప్పగించండి. డ్రోన్‌కు పార్కులో ఎక్కడా అనుమతి లేదు.