అడగకుండానే మాయమైన యాప్

ప్రశ్న: నా ఫోన్‌లోని అప్పులిచ్చే యాప్ ఒకటి, హానికరమైనదన్న సందేశం చూపించి, నా అనుమతి లేకుండానే తొలగిపోయింది. డబ్బు పెట్టి కొనుక్కున్న ఫోన్‌పై కంపెనీలకు ఇంత అధికారం ఉంటుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఉంటుంది. ఐఫోన్‌లో అటువంటి ఏర్పాటు ఉన్నదని 2008లోనే యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ అంగీకరించారు. ఆండ్రాయిడ్ విషయానికి వస్తే, 2010లో ఒక భద్రతా పరిశోధకుడు ప్రయోగం కోసం పెట్టిన రెండు యాప్‌లను, 2011 మార్చిలో డ్రాయిడ్‌డ్రీమ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) సోకిన యాప్‌లను గూగుల్ వాడుకరుల ఫోన్లలో నుంచి దూరం నుంచే తీసివేసింది. ఇప్పుడు ఆ పని ప్లే ప్రొటెక్ట్ అనే గూగుల్ భద్రతా ఏర్పాటు చేస్తుంది. సెట్టింగులలో దానిని ఆపివేయవచ్చు గాని, నేనైతే ఆ సలహా ఇవ్వను. నా అభ్యంతరమల్లా, తొలగించిన కారణాన్ని వాడుకరికి వివరంగా చెప్పకపోవడంపైనే.

స్టోర్ నుంచి తీసివేయడం మాత్రం వేరు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు అవి స్టోర్లలో దొరకకుండా పోయాయే తప్ప, అప్పటికే ఉన్న ఫోన్లలో నుంచి చెరిగిపోలేదు.

యాప్ పోయినంత మాత్రాన మీ అప్పు పోదు. అది ముందే తీసుకున్న మీ బంధుమిత్రుల నంబర్లు కూడా అప్పిచ్చిన సంస్థ సర్వర్లలోనే ఉండవచ్చు కనుక, ఎవరైనా బెదిరిస్తే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయండి.