ఉద్యోగం లేని కుక్క

ప్రశ్న: అక్కా నమస్తే. మేం బెంగళూరు కుందలహళ్ళిలో అపార్ట్‌మెంట్‌లో ఏడో ఫ్లోర్‌లో ఉంటాం, మాది ఒంగోలు వైపు. మావారు ముచ్చటపడి తొమ్మిది నెలల క్రితం రెండు నెలల బోర్డర్ కోలీ కుక్కపిల్లని తెచ్చారు, పేరు బుజ్జి. చాలా తెలివైన జాతి అన్నారు, నిజమే, ఫ్రిజ్ తలుపు తియ్యడం దానంతట అదే నేర్చుకుంది. కానీ సోఫా మూలలన్నీ కొరికేసింది, కుక్కర్ విజిల్ వస్తే ఇల్లంతా గుండ్రంగా తిరుగుతూ అరుస్తుంది, మా ఆరేళ్ళ బాబు పరిగెడితే చాలు వెనకాలే వెళ్ళి పిక్క పట్టుకుంటుంది, రక్తం రాలేదు గానీ రెండు ప్యాంట్లు చిరిగాయి. పొద్దున గంట, సాయంత్రం గంట బాల్ వేసి పరిగెత్తిస్తున్నాం, అయినా అలవదు. అత్తయ్యగారు దిష్టి అంటున్నారు, మావారేమో ఎవరికైనా ఇచ్చేద్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: దిష్టి తియ్యనివ్వమ్మా, పెద్దావిడ తృప్తి, కాకపోతే మిరపకాయల పొగ దాని ముక్కుకి దూరంగా ఉండేలా చూడు. బుజ్జికి జబ్బూ లేదు, పొగరూ లేదు. ఉద్యోగం లేదు, అంతే.

ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలు తోలడానికి తయారుచేసిన జాతి ఇది, బోర్డర్ అనే పేరు అక్కణ్ణుంచే వచ్చింది. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కని ఈ జాతికి మూలపురుషుడిగా చెప్తారు, అది పెద్దగా మొరగకుండా చూపుతోనే మందని కదిలించేదట. అసలు తోడేలు వేటలో చూడ్డం, నక్కి నక్కి వెళ్ళడం, తరమడం, కరవడం, చంపడం ఇలా వరసగా ఉంటాయి కదా, గొర్రెల కాపర్లు తరతరాలుగా ఏరి ఏరి మొదటి మూడూ ఉంచుకుని చివరివి తగ్గించుకుంటూ వచ్చారు. మీ ఏడో ఫ్లోర్‌లో గొర్రెలు లేవు కాబట్టి మీ బాబే గొర్రె. వాడు హాల్లోంచి బెడ్రూంలోకి పరిగెడితే దాని దృష్టిలో మందలోంచి ఒకటి తప్పిపోతున్నట్టే.

ఇప్పుడు మీరు చేస్తున్న పొరపాటు చెప్తా, తిట్టడానికి కాదు, నేనూ అదే చేశా. మా జర్మన్ షెపర్డ్‌ని రోజూ పక్కన ఖాళీ సైట్‌లోకి తీస్కెళ్ళి చెయ్యి నెప్పి పుట్టేదాకా బాల్ విసిరేదాన్ని, రెండు నెలలకి ఏమైందంటే కుక్క అలిసిపోవడం మానేసి స్టామినా పెంచుకుంది, బాల్ కనపడకపోతే ఇంట్లో గోడవారగా అటూ ఇటూ తిరగడం మొదలెట్టింది. రోజూ రెండు గంటలు పరిగెత్తిస్తే మీకు మిగిలేది ఒలింపిక్స్ కుక్క. పైగా పదకొండు నెలల వయసులో కీళ్ళింకా పూర్తిగా గట్టిపడవు, గంటల తరబడి బాల్ కోసం ఎగరడం, సడెన్‌గా తిరగడం మంచిది కాదు.

బాల్ పది నిమిషాలకి తగ్గించండి. మిగతా టైం వదులైన లీష్‌తో నెమ్మదిగా నడిపిస్తూ చెట్టూ చేమా వాసన చూడనివ్వండి, వాసన పట్టడం కుక్కకి మనం పేపర్ చదవడం లాంటిది, అరగంట ముక్కుతో పనిచేస్తే దాని బుర్ర బాగా అలుస్తుంది. అన్నం గిన్నెలో పెట్టడం ఆపెయ్యండి. ఇడ్లీ ప్లేటు గుంటల్లో కాస్త కాస్త ఫుడ్ వేసి పైన టెన్నిస్ బాల్స్ పెట్టండి, పాత టవల్లో చుట్టి ఇవ్వండి, వెతుక్కుని తింటుంది. వస్తువుల పేర్లు నేర్పండి, అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ 1022 బొమ్మల్ని పేరు చెప్తే తెచ్చేది, మీది ఓ పది తెచ్చినా చాలు. అత్తయ్యగారి కళ్ళజోడు మాత్రం నేర్పకండి.

ఇంకోటి, మీ ఇంట్లో మీవారు సిట్ అని, అత్తయ్యగారు కూర్చో అని, పనమ్మాయి కన్నడలో కూత్కో అని అంటుంటారేమో (నాకు తెలిసిన బెంగళూరు ఇళ్ళన్నిట్లో ఇదే కథ), అందరూ ఒకే మాట అనండి.

అన్నిటికంటే ముఖ్యం ఊరికే ఉండడం నేర్పడం. పని కుక్కలకి అది సొంతంగా రాదు. హాల్లో ఒక చాప వెయ్యండి, దాని మీద పడుకున్నప్పుడల్లా ఏమీ మాట్లాడకుండా చిన్న ముక్క ముందు పెట్టండి, మొదట్లో పది సెకన్లు, తర్వాత నిమిషం, అలా పెంచుకుంటూ పోండి. కుక్కర్ పొయ్యి మీద పెట్టేముందే చాప మీదకి పంపండి, విజిల్ రాగానే ముక్క. రెండు మూడు వారాల్లో విజిల్ అంటే పరుగు కాదు, చాప అని దానికి ఎక్కుతుంది. కుక్క రోజులో సగానికి పైగా నిద్రపోవాలి, అది కూడా లెక్కేసుకోండి.

బాబు విషయంలో జాగ్రత్త. వాడికి చెట్టులా నిలబడమని నేర్పండి, కదలని గొర్రెతో దానికి ఆట ఉండదు. వాడు పరిగెట్టి ఆడే టైంలో బుజ్జి బేబీ గేట్ వెనకాల ఉండాలి, పెద్దవాళ్ళు లేకుండా ఇద్దర్నీ ఒక గదిలో వదలొద్దు, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

చివరగా ఒక మందు సంగతి, పిడుదులు పడితే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఇచ్చేస్తుంటారు, కోలీ జాతుల్లో కొన్ని కుక్కలకి జన్యువుల్లో ఉన్న ఒక తేడా వల్ల అది మెదడుకెక్కి ప్రాణం మీదకొస్తుంది. బోర్డర్ కోలీల్లో అది తక్కువే, అయినా వెట్‌కి ముందే జాతి చెప్పండి.

మీవారిని రెండు నెలలు ఆగమనండి. అప్పటికీ కుదరకపోతే తోట, టైం రెండూ ఉన్నవాళ్ళని వెతికి ఇవ్వడం తప్పేం కాదు, పిక్కలు పట్టే సంగతి మాత్రం దాచకుండా చెప్పండి.

ప్రశ్న: మేడం, హోసూరు రోడ్డులో విల్లా కొన్నాం. రీల్స్‌లో గోడలెక్కే బెల్జియన్ మాలినాయిస్ కుక్కని చూశా, కాపలాకి తీసుకోవచ్చా? ఇద్దరం ఆఫీసుకి వెళ్తాం.

జవాబు: వద్దు బాబూ. మన బెంగళూరు దగ్గర తరళులో సీఆర్‌పీఎఫ్ వాళ్ళ డాగ్ ట్రైనింగ్ స్కూల్ ఉంది, అక్కడ మాలినాయిస్‌లకి పేలుడు పదార్థాలు పసిగట్టడం లాంటి పనులు నేర్పుతారు. అక్కడ దాన్ని చూసుకునే హ్యాండ్లర్‌కి అదే డ్యూటీ, మీరేమో పొద్దున పోయి రాత్రికొస్తారు. మీరొచ్చేసరికి అది గోడ ఎక్కడమే కాదు, గోడకున్న ప్లాస్టర్ కూడా ఊడదీస్తుంది. కాపలాకి సీసీ కెమెరా పెట్టించండి, కుక్కే కావాలంటే షెల్టర్‌లో నెమ్మదిగా ఉండే పెద్ద వయసు ఇండీని, అంటే మన నాటు కుక్కని చూడండి, పగలు చూసుకోడానికి ఎవరో ఒక మనిషి ఇంట్లో ఉంటేనే సుమా.