గుండె కణాలు పెంచే చదువు: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. మా అన్నయ్య గుండెపోటుతో పోయినప్పటి నుంచీ, శరీరంలోని ఏ రకం కణంగానైనా మారగల మూలకణాల నుంచి గుండె కండరాన్ని పెంచే పరిశోధనలోకి వెళ్తానంటోంది. అవి పిండాల నుంచి తీసే కణాలని విని మా అత్తగారు వద్దంటున్నారు. ఎన్నేళ్లు చదివినా ఉద్యోగం రాదేమోనని మావారి దిగులు. ఏం చెయ్యమంటారు?
ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ అన్నయ్య గారి సంగతి చదివి బాధ కలిగింది. మీ అమ్మాయిని పంపండి. అయితే ఎమ్మెస్సీ దరఖాస్తు పెట్టే లోపు ఆమె కనీసం రెండు నెలలు కణాలు పెంచే ప్రయోగశాలలో గడపాలి. ఎందుకో చెబుతాను.

గుండె కండర కణాలు దాదాపుగా తిరిగి పుట్టవు. పాతికేళ్ల వయసులో ఏడాదికి సుమారు ఒక శాతం, 75 ఏళ్లకు అందులో సగం కన్నా తక్కువ మాత్రమే కొత్తవి వస్తాయని 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పెద్ద గుండెపోటులో వంద కోట్ల కణాల దాకా చనిపోవచ్చు కనుక, ఆ లోటును బయట పెంచిన కణాలతో పూడ్చవచ్చునా అన్నదే మీ అమ్మాయిని ఆకర్షించిన ప్రశ్న. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ మానవ పిండ మూలకణాలను మొదటిసారి వేరుచేసి పెంచగా, 2001లో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ బృందం వాటి నుంచి కొట్టుకునే గుండె కణాలను రాబట్టింది.

ఇప్పుడు ఈ పని ఎలా జరుగుతుందంటే, మూలకణాలు ప్లేటు అడుగున తగినంత ఒత్తుగా పరుచుకున్నాక, కణం ఏ రూపు తీసుకోవాలో చెప్పే వింట్ అనే సంకేత మార్గాన్ని ప్రేరేపించే రసాయనం వేసి, సుమారు మూడు రోజులకు అదే మార్గాన్ని అణిచే రసాయనం వేస్తారు. మన వంటింట్లో పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేసినా, పూర్తిగా చల్లారాక వేసినా పెరుగు సరిగా పేరుకోదు కదా, ఇక్కడా అదను తప్పితే కణాలు గుండె కణాలు కాకుండా మరేదో అవుతాయి. అంతా సరిగా కుదిరితే ఎనిమిదో రోజు నుంచి పన్నెండో రోజు లోపల ప్లేటులో ఒక మూల చిన్న అదురు మొదలై, క్రమంగా ఆ పొర అంతా ఒక్క లయలో కొట్టుకుంటుంది. ఇన్‌క్యుబేటర్‌లోని 37 డిగ్రీల వెచ్చదనం నుంచి బయటికి తెచ్చిన కొద్దిసేపటికే ఆ కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. మొదటిసారి ఆ దృశ్యాన్ని సూక్ష్మదర్శినిలో చూసినవారు ఎవరైనా కాసేపు మాట్లాడలేరు.

కానీ ఆ ఒక్క నిమిషం కోసం రోజూ, ఆదివారమైనా పండుగైనా, మూలకణాలకు పోషక ద్రవం మార్చవలసిందే. గులాబీ రంగు ద్రవం పసుపు పచ్చగా మారిందంటే కణాలు ఆమ్లంలో నలుగుతున్నట్టు. బూజు పడితే నెల రోజుల శ్రమ పారబోయాలి. ఈ సేవ మీ అమ్మాయి మనసుకు సరిపడుతుందో లేదో పుస్తకం చెప్పలేదు, అందుకే ఆ రెండు నెలలు.

మీ అత్తగారి సందేహం గౌరవించదగినది. పిండ మూలకణాలను ఐవీఎఫ్ చికిత్స తరువాత మిగిలిపోయిన, ఐదారు రోజుల వయసున్న పిండాల నుంచి, దంపతుల లిఖితపూర్వక సమ్మతితో తీస్తారు. ఒకసారి తీసిన కణాలు ఏళ్ల తరబడి పెరుగుతూ ఉంటాయి కనుక, ప్రతి ప్రయోగానికీ కొత్త పిండం అక్కరలేదు. మన బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ అనే పరిశోధన సంస్థలో మనీషా ఇనామ్‌దార్ బృందం అలా తరతరాలుగా పెరుగుతూ ఉండే రెండు కణశ్రేణులను రూపొందించింది. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఈ పరిశోధన చేసే సంస్థలో ప్రత్యేక కమిటీ అనుమతి తప్పనిసరి. అయినా ఆవిడకు మనసొప్పకపోతే, చర్మం లేదా రక్త కణాలనే మూలకణాలుగా మార్చే మార్గం ఉంది. దానిని కనుగొన్న షిన్యా యమనకకు 2012లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు చాలా ప్రయోగశాలలు ఆ దారినే నడుస్తున్నాయి.

ఒక్క విషయం మీ అమ్మాయికి మెత్తగానైనా చెప్పండి. ఈ కణాలు రోగుల గుండెలను మామూలుగా బాగుచేసే స్థితి ఇంకా రాలేదు. 2014లో కోతుల గుండెల్లోకి ఎక్కించిన కణాలు నిలిచి, ఆ గుండెతో కలిసి కొట్టుకున్నాయి గానీ, కొన్నాళ్లు గుండె లయ తప్పింది. ప్లేటులో పెరిగిన కణాలు గర్భస్థ శిశువు గుండె కణాల్లా లేతగా ఉండటం పెద్ద చిక్కు. అందువల్ల నేడు వీటి అసలు ఉపయోగం కొత్త మందులు గుండెకు హాని చేస్తాయో లేదో పరీక్షించడంలోనూ, జన్యు లోపాలను అర్థం చేసుకోవడంలోనూ ఉంది. దక్షిణాసియా వారిలో దాదాపు నాలుగు శాతం మందిలో గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాల ముక్క లోపించి ఉంటుందని 2009లో వెల్లడించిన బృందంలో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారూ ఉన్నారు. మన ఇళ్ల గుండె జబ్బుల మీద పని చేయాలనుకునే పిల్లకు ఇది చిన్న దారి కాదు.

మీవారికి లెక్క చెప్పాలి కదా. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తరువాత మరొకరి ప్రయోగశాలలో కొన్నేళ్ల పరిశోధన. సొంత ప్రయోగశాల వచ్చేసరికి ఆమె వయసు ముప్పై అయిదేళ్లు దాటవచ్చు. అయితే జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం అదనం, కనుక పీహెచ్‌డీ ఇంటికి భారం కాదు. ఎమ్మెస్సీకి గ్యాట్-బీ, జామ్ అనే ప్రవేశ పరీక్షలు రాయవచ్చు. బళ్ళారి రోడ్డు జీకేవీకే ఆవరణలోని ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలలో పీహెచ్‌డీకి జేజీబిల్స్ (JGEEBILS) ప్రవేశ పరీక్ష ఉంది. కణాల పెంపకంలో చేయి తిరిగితే, మధ్యలో ఆపినా ఈ ఊళ్లోని ఔషధ పరిశోధన కంపెనీలలో పని దొరుకుతుంది.

నాలుగు వారాల్లో మూలకణ నిపుణులను చేస్తామనే ప్రైవేటు సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం డబ్బు కట్టకండి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి లక్షకు పైగా కట్టి, ఒక్కరోజు కూడా స్వయంగా పిపెట్ (ద్రవాలను కొలిచి తీసే గొట్టం) పట్టకుండానే సర్టిఫికెట్‌తో తిరిగొచ్చాడు. దానికి బదులు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. ఈ లోపల తనకు నచ్చిన పరిశోధన పత్రం ఒకటి పూర్తిగా చదివి, అందులో అర్థం కాని ఒక ప్రశ్నను రాస్తూ ఆ శాస్త్రవేత్తకు పది వాక్యాల మెయిల్ పెట్టమనండి. జవాబు రాకపోతే రెండు వారాలకు ఇంకోసారి, ఆపైన మరొకరికి రాయవచ్చు.